గీజర్లు అమ్మేవారికి ఒక ఎలక్ట్రీషియన్ బహిరంగ లేఖ: పెట్టె మీది ఐపీఎక్స్4 అంటే ఏమిటో కొనేవాళ్లకు చెప్పండి

గీజర్లు, ఇన్‌స్టెంట్ హీటర్లు, రాడ్డు హీటర్లు అమ్మే దుకాణాల వారికి, వాటిని ఫోన్లో చూపించి ఇంటికి పంపే ఆన్‌లైన్ అమ్మకందారులకు నమస్కారం.

దసరా, దీపావళి ఆఫర్లు అయిపోయి కార్తీకమాసం వచ్చిందంటే మీకు గీజర్ల సీజన్, మాకు ఫిట్టింగుల సీజన్. తెల్లవారుజామున తలస్నానాలు చేసేవాళ్లకు, చంటిపిల్లలున్నవాళ్లకు, కీళ్లనొప్పుల పెద్దవాళ్లకు అందరికీ ఒక్కసారే వేడినీళ్లు గుర్తొస్తాయి. భోగి తలంటు దాకా ఈ హడావుడి తగ్గదు. మీరు అమ్మిన పెట్టె విప్పి గోడకు తగిలించేది మాలాంటి వాళ్లం కాబట్టి, మీ కౌంటర్ దగ్గర చెప్పిన మాటలు మా చెవిన కూడా పడతాయి. కొన్నవాళ్లు వాటినే మాకు అప్పజెబుతారు. "షాపాయన వాటర్‌ప్రూఫ్ అన్నాడు, షవర్ పక్కనే పెట్టేయండి" అంటారు. "ఇది షాక్‌ప్రూఫ్ అంట, ఎర్త్ లేకపోయినా ఫరవాలేదంట" అంటారు. "దీనికి ఫోర్ రేటింగ్ ఉంది, ఫైవ్ అయితే ఇంకో రెండు వేలు అన్నారు, అందుకే ఇది తీసుకున్నాం" అని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఆ ఫోర్ ఏమిటని పెట్టె తిప్పి చూస్తే ఐపీఎక్స్4, అంటే నీళ్లకు ఎంత కాపు ఉందో చెప్పే గుర్తు. స్టార్లకూ దానికీ సంబంధం లేదు. గీజర్ పెట్టె మీద కొనేవాళ్లను తికమక పెట్టే అంకెలు మూడు. స్టార్ల గుర్తు కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈది. ట్యాంకులో కాగిన నీళ్లు వాడకుండా ఉంచితే ఒక రోజులో ఎంత కరెంటు వృథా అవుతుందో దాన్నిబట్టి ఇచ్చేది. 8 బార్ అన్నది ట్యాంకు ఎంత నీటి ఒత్తిడికి తట్టుకుంటుందో చెప్పేది. పదో అంతస్తులో ప్రెషర్ పంపు ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతి. ఈ రెండింటి గురించి మీ సేల్స్ కుర్రాళ్లు గడగడా చెబుతారు. మూడోదైన ఐపీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది వాటర్‌ప్రూఫ్ సార్" అని ఒక్క ముక్కతో సరి. స్టార్ తగ్గితే బిల్లు పెరుగుతుంది. ఐపీ అర్థం కాకపోతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ ఉత్తరం దాని గురించే.

ఐపీ అంకెలకు మూలం ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం. మన దేశంలో దాన్నే ఐఎస్/ఐఈసీ 60529గా తీసుకున్నారు. ఐపీ పక్కన రెండు స్థానాలుంటాయి. మొదటిది 0 నుంచి 6 దాకా ఉంటుంది. వేలు, స్క్రూడ్రైవరు, తీగ, దుమ్ము లోపలికి పోకుండా ఎంత కాపు ఉందో చెబుతుంది. రెండోది 0 నుంచి 9 దాకా, నీళ్లకు ఎంత కాపు ఉందో చెబుతుంది. మధ్యలో ఎక్స్ ఉంటే ఆ స్థానం గురించి ఇక్కడ చెప్పడం లేదని అర్థం, అంతే. అది సున్నా కాదు, పెద్ద రేటింగూ కాదు. ఎక్స్ ఉన్న మోడల్ ఏదో స్పెషల్ అని అమ్మిన షాపూ ఒకటి నాకు తెలుసు. పేరెందుకు లెండి.

నీళ్ల అంకెలు ఇలా పెరుగుతాయి. 1 అంటే నిలువుగా రాలే చుక్కలకు. 2 అంటే వస్తువు 15 డిగ్రీలు వాలినా అవే చుక్కలకు. 3 అంటే నిలువు నుంచి అటూ ఇటూ 60 డిగ్రీల దాకా పడే జల్లుకు. 4 అంటే ఏ వైపు నుంచి చిందినా. 5 అంటే గొట్టంతో కొట్టే ధారకు, 6 అంటే ఇంకా బలమైన ధారకు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా. 8 అంటే తయారీదారు చెప్పిన షరతుల ప్రకారం అంతకంటే కఠినంగా, ఎక్కువసేపు ముంచినా. 9 అంటే 80 డిగ్రీల వేడినీళ్లను దగ్గర నుంచి మంచి ఒత్తిడితో కొట్టినా. ఇంటి బాత్‌రూమ్‌లో మనకు పనిబడేది ఎక్కువగా 4తో, అక్కడక్కడా 5తో.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అమ్మేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. 6 దాకా అంకె పెరిగితే కిందివన్నీ అందులో ఉన్నట్టే. 7, 8లకు ఆ లెక్క వర్తించదు. నీళ్లలో ముంచితే తట్టుకునే వస్తువు ధారకు తట్టుకుంటుందని హామీ లేదు. రెండింటికీ పరీక్ష పెట్టి ఉంటే ఐపీఎక్స్5/ఐపీఎక్స్7 అని రెండూ వేస్తారు. 7 ఒక్కటే ఉంటే ముంచుడు పరీక్ష ఒక్కటే జరిగిందని. "సెవెన్ ఉంది సార్, ఇక దేనికీ భయం లేదు" అనేముందు ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీరు ఎక్కువగా అమ్మే 4 సంగతి. ప్రయోగశాలలో దాన్ని రెండు రకాలుగా చూస్తారు. చిల్లులున్న వంపు గొట్టాన్ని వస్తువు చుట్టూ అటూ ఇటూ ఊపుతూ పది నిమిషాలు నీళ్లు చల్లడం ఒకటి. చేతిలో పట్టుకునే జల్లు నాజిల్‌తో నిమిషానికి 10 లీటర్ల చొప్పున కనీసం ఐదు నిమిషాలు అన్ని వైపుల నుంచీ చల్లడం ఇంకొకటి. తర్వాత విప్పి చూస్తారు. లోపల ఒక్క చుక్క కూడా ఉండకూడదనేది షరతు కాదు. చేరిన నీరు కరెంటు భాగాలకు, ఇన్సులేషన్‌కు హాని చేసేలా ఉండకూడదు, వస్తువు భద్రంగా పనిచేయాలి. అంటే 4 వచ్చిన గీజర్‌లోకి నీళ్లే పోవని చెప్పడం కూడా తప్పే.

ఆ పరీక్షలో లేనివి చూడండి. వాడేది శుభ్రమైన మామూలు నీళ్లు. సబ్బు నురగ లేదు, షాంపూ లేదు, బాత్‌రూమ్ కడగడానికి వాడే యాసిడ్ అసలే లేదు. ఆవిరి లేదు. తలుపేసుకుని వేడినీళ్లు పోసుకుంటుంటే లేచే ఆవిరి పైకప్పు దగ్గర చేరి, ఏ సందు దొరికితే అందులో దూరి, చల్లబడి చుక్కలవుతుంది. గీజర్ ఉండేదీ ఆ పైనే. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ లోపల దాచేస్తున్నారు కాబట్టి ఆ తేమ ఆరేదీ లేదు. ఇంకొకటి, 4 పరీక్షలో ధార లేదు. మన ఇళ్లలో పండక్కి బాత్‌రూమ్ కడిగేటప్పుడు హెల్త్ ఫాసెట్ తీసి టైల్స్ తోపాటు గీజర్ మీద కూడా కొడతారు. ప్రెషర్ పంపున్న అపార్ట్‌మెంట్‌లో ఆ ఫాసెట్ ఎలా కొడుతుందో మీకూ తెలుసు. 5వ అంకె పరీక్షలో 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్లు కొడతారు. ఫాసెట్టూ ఆ నాజిలూ ఒకటని నేననను. కానీ ధారగా కొట్టడం అన్నది 4కి చూడని పరీక్ష. "గీజర్‌ను తడిగుడ్డతో తుడవండి, ఫాసెట్‌తో కొట్టకండి" అనే ఒక్క మాట బిల్లుతోపాటు చెబితే ఎంత పుణ్యం.

అసలు అంకే కనబడని సరుకు సంగతేమిటి? ఇంటి విద్యుత్ పరికరాల భద్రతా ప్రమాణం ఐఎస్ 302 ప్రకారం నీటి కాపు అంకె వస్తువు మీద అచ్చు వేయాలి. అది ఐపీఎక్స్0 అయితే మాత్రం వేయనక్కర్లేదు. కాబట్టి వస్తువు మీది వివరాల ప్లేటులో ఐపీ లేదంటే అచ్చు మరిచిపోయారని సర్దుకోకండి, నీటికి కాపు సున్నా అనే లెక్కేసుకోవాలి. చలికి పిల్లకు స్నానం చేయించేటప్పుడు బాత్‌రూమ్‌లో పెట్టుకుందామని బ్లోయర్ హీటర్ కొనేవాళ్లున్నారు. ఆదిలాబాద్, అరకు వైపు చలి తెలిసినవాళ్లు వాళ్లను తప్పుపట్టలేరు. కానీ ఆ గది హీటర్ల పుస్తకంలో స్నానపు తొట్టి, షవర్ దగ్గర వాడొద్దని ఉంటుంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. "బాత్‌రూమ్‌లోకా? అయితే ఇది వద్దమ్మా" అని మీరు చెప్పాలి. తల్లిదండ్రులు ఆ పుస్తకం చదవరు, మీ మాట వింటారు.

ఇక గోడ దగ్గరికి వద్దాం. పెట్టె మీద అచ్చయిన అంకె, పుస్తకంలో చెప్పినట్టు బిగించిన గీజర్‌కే వర్తిస్తుంది. అక్కడే అంకె కరిగిపోతోంది.

ఫ్రీ ఇన్‌స్టలేషన్ పేరుతో వచ్చిన కుర్రాడు బిగించి వెళ్లిన గీజర్ ఒకటి చూపిస్తాను. కింది మూత దగ్గర వైరు లోపలికి వెళ్లే రంధ్రంలో రబ్బరు బుష్ ఉండాలి. అది వైరును గట్టిగా పట్టుకుని సందు లేకుండా మూసేస్తుంది. గీజర్‌తో వచ్చిన తీగ పొట్టిదని ఈ కుర్రాడు దాన్ని పీకేసి, బయట కొన్న లావు వైరు తెచ్చాడు. ఆ వైరు బుష్‌లో దూరలేదు. బుష్ తీసి బ్యాగులో వేసుకున్నాడో, డస్ట్‌బిన్‌లో వేశాడో తెలియదు. రంధ్రాన్ని కటింగ్ ప్లేయర్‌తో ఇంకాస్త పెద్దది చేసి వైరు దూర్చాడు. మూతకు నాలుగు స్క్రూలుండాలి, రెండే ఉన్నాయి. మూత ఒక పక్క నోరు తెరిచి ఉంది. నేను చిటికెన వేలు పెట్టబోతే దూరింది, లోపల కరెంటు ఉండే థర్మోస్టాట్ టెర్మినల్ బొటనవేలంత దూరంలో ఉంది. దాని ప్లేటు మీద ఐపీ24 అని చక్కగా అచ్చేసి ఉంది. ఆ 2 అంటే 12.5 మిల్లీమీటర్ల కంటే లావైన వస్తువు లోపలికి పోకూడదని, మనిషి వేలు కరెంటు భాగాన్ని తాకకూడదని. ఆ 4 అంటే ఏం కావాలో పైన చెప్పాను. కంపెనీ ఇచ్చిన రెండు అంకెలనూ ఒక కటింగ్ ప్లేయర్ అయిదు నిమిషాల్లో చెరిపేసింది.

ఆ కుర్రాణ్ని తిట్టి లాభం లేదు. రోజుకు ఇన్ని ఫిట్టింగులని లెక్క పెట్టి, ఒక్కోదానికి ఇంతని ఇచ్చి పంపింది మీరే. లావు వైరును పట్టుకుని రంధ్రాన్ని సందు లేకుండా మూసే కేబుల్ గ్లాండ్ అతని సంచిలో లేదు. దాని ఖరీదు మీరు ఫ్రీగా ఇచ్చే కీచైన్ ఖరీదంత ఉండదు.

నిలువు గీజర్‌ను అడ్డంగా పడుకోబెట్టడం ఇంకో పద్ధతి. లాఫ్ట్‌లో ఎత్తు సరిపోలేదంటే "పడుకోబెట్టేయొచ్చు సార్" అని మీరే అంటారు. అడ్డం మోడల్ వేరే తయారవుతుంది. నిలువుదాన్ని అడ్డం తిప్పితే లోపల వేడినీళ్లు సరిగా రాకపోవడం ఒక ఎత్తు, కిందకు చూడాల్సిన మూత, వైరు రంధ్రం పక్కకు తిరిగి షవర్‌కు ఎదురు నిలవడం ఇంకో ఎత్తు. నిలబెట్టి పరీక్షించిన దాని అంకె పడుకోబెట్టినదానికి రాదు.

తర్వాత ప్లగ్గు పాయింటు. ఐపీ అంకె గీజర్‌ది, దాని పక్కన గోడలో ఉన్న సాకెట్‌ది కాదు. మామూలు మాడ్యులర్ స్విచ్, సాకెట్‌కు ఉండేది ఐపీ20. అంటే వేళ్లకు కాపు, నీళ్లకు సున్నా. ఐపీఎక్స్4 గీజర్ కొని దాన్ని షవర్ పక్కనున్న ఐపీ20 సాకెట్‌లో పెట్టడమంటే ఇంటికి తాళం వేసి కిటికీ తీసి వెళ్లినట్టే. నీళ్ల కాపున్న మూత సాకెట్లు, బాక్సులు మార్కెట్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి ట్రూప్ బజార్‌లో అడిగితే చూపిస్తారు. ఐపీ44, ఐపీ55 అని ఉంటుంది. వాటిలోనూ కొన్నింటికి మూత మూసి ఉన్నప్పుడే ఆ అంకె. ప్లగ్గు పెట్టగానే మూత పడకపోతే అంకె పోయినట్టే. ఇదీ కొనేవాళ్లకు చెప్పాలి.

అన్నిటికంటే మంచిది సాకెట్‌ను దూరం పెట్టడం. బాత్‌రూమ్ వైరింగ్ గురించి ఐఈసీ 60364 ప్రమాణంలో ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. తొట్టి లేని షవర్ గదుల్లో, అంటే మన బాత్‌రూమ్‌లలాంటి చోట, గోడలోంచి నీళ్లు వచ్చే షవర్ పాయింటు నుంచి చుట్టూ 1.2 మీటర్లు, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు దాకా తడి ప్రాంతం కింద లెక్క. షవర్ అంతకంటే ఎత్తులో ఉంటే లెక్క కూడా అక్కడిదాకా పెరుగుతుంది. ఆ మేరలో ఉండే పరికరానికి కనీసం ఐపీఎక్స్4 ఉండాలి, మామూలు సాకెట్ ఉండకూడదు. అడుగుల్లో చెప్పాలంటే చుట్టూ నాలుగు అడుగులు, ఎత్తు ఏడున్నర అడుగులకు కాస్త తక్కువ. ఐదు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున్న ఫ్లాట్ బాత్‌రూమ్‌లో ఇక మిగిలేదెంత? ఆ లెక్క కూడా షవర్ కింద కుదురుగా నిలబడేవాళ్ల కోసం రాసుకున్నది. బకెట్, మగ్గు పెట్టుకుని నెత్తిన గుమ్మరించుకునే మన స్నానానికి గదిలో తడవని గోడ ఏదీ ఉండదు. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లనడగండి, అక్కడి బాత్‌రూమ్‌లలో షేవర్‌కు ప్రత్యేకమైన పాయింటు తప్ప మామూలు ప్లగ్గు పాయింటు సాధారణంగా కనబడదు. లైటు తాడు లాగితే వెలుగుతుంది, లేదంటే స్విచ్ తలుపు బయట ఉంటుంది. మన బిల్డర్లు మాత్రం షవర్‌కు మూరెడు దూరంలో పవర్ ప్లగ్ ఇచ్చి, దాన్నొక సదుపాయంగా బ్రోచర్‌లో రాస్తారు. వాళ్లకు వేరే ఉత్తరం రాయాలి.

హాస్టళ్లకు టోకున అమ్మేవారికి విడిగా ఒక మాట. అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ వైపు హాస్టల్ బాత్‌రూమ్‌లు రోజూ పైపు పెట్టి కడుగుతారు. ధారతో కడిగే ఉమ్మడి స్నానాల గదుల్లో ఐపీఎక్స్5 ఉండాలని అదే ప్రమాణం చెబుతోంది. యజమాని ఇరవై గీజర్లు బేరమాడుతుంటే ధరలో వంద తగ్గించడం ఒక్కటే బేరం కాదు. "మీ బాత్‌రూమ్‌లు పైపుతో కడుగుతారా?" అని అడగండి. అవునంటే 4 చూపించకండి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను, "షాక్‌ప్రూఫ్" అన్న దానికి. ఐపీ అంకెలు చెప్పేది బయటి నీళ్లు, వస్తువులు లోపలికి పోవడం గురించి మాత్రమే. గీజర్ షాక్ కొట్టిందని నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువగా నేను చూసింది దానికి ఎదురు దిశ. తప్పు లోపల పుట్టి నీళ్లతోపాటు బయటికొస్తుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఎలిమెంట్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు కింద వేడి పోయే దారిలేక ఎలిమెంట్ విపరీతంగా కాగుతుంది, పైతొడుగు చిట్లుతుంది లేదా తుప్పు తిని చిల్లు పడుతుంది. అప్పుడు లోపలి కరెంటు నేరుగా ట్యాంకు నీళ్లను తాకుతుంది. ఆ నీళ్లే షవర్‌లోంచి, ఇత్తడి కుళాయిలోంచి ఒంటి మీదికొస్తాయి. గీజర్‌కు ఐపీఎక్స్4 ఉన్నా, 5 ఉన్నా, దేవుడు 9 ఇచ్చినా ఇందులో అక్కరకు రాదు.

అక్కరకొచ్చేవి రెండు. ఒకటి సరైన ఎర్త్. ట్యాంకు లోహాన్ని ఎర్త్‌కు కలిపి ఉంచితే లీకైన కరెంటుకు మనిషి కాని దారి దొరుకుతుంది. రెండోది 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ. "మా ఇంట్లో ఎంసీబీ ఉందిగా" అని చాలామంది అంటారు. 16 యాంపియర్ల ఎంసీబీ పడాలంటే 16,000 మిల్లీయాంపియర్లు దాటాలి. మనిషిని చంపడానికి అందులో చాలా చిన్న వంతు చాలు. ఎంసీబీ వైరు కాలకుండా కాపాడటానికి ఉన్నది. వెళ్లిన కరెంటు వచ్చిన కరెంటుతో సరిపోయిందా లేదా అని చూస్తూ, 30 మిల్లీయాంపియర్ల తేడా వచ్చేలోపే సెకనులో చిన్న వంతులో కొట్టేసేది ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడాలి. నొక్కితే పడకపోతే అది అలంకారమే.

దీన్ని పెట్టమంటే పాత ఇళ్లలో ఒక ఇబ్బంది వస్తుంది, దాచను. ఎప్పుడో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేసి ఉంటారు, లేదా గోడలో తేమకు వైరు లీకవుతుంటుంది. ఆర్‌సీసీబీ పెట్టగానే పడిపోతుంటుంది. "పొద్దున్నే ఈ టెన్షన్ ఏంటి, తీసేయండి" అంటారు ఇంటివాళ్లు. తీసేసి డైరెక్ట్ చేసిచ్చే ఎలక్ట్రీషియన్లు మాలోనే ఉన్నారు. అది పడుతోందంటే ఇంట్లో తప్పుందని చెబుతోంది, పీకాల్సింది దాన్ని కాదు. ఈ మాట మీ షాపులోనే ఒకసారి వినిపిస్తే, ఇంటికొచ్చి మేం చెప్పినప్పుడు "వీడు డబ్బుల కోసం చెబుతున్నాడు" అనుకోరు.

కాబట్టి షాక్‌ప్రూఫ్ అన్న మాట మానేయండి. ఎర్త్ లేకపోయినా ఫరవాలేదనడం అయితే నేరం కిందే లెక్క. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను అలంకారానికి పెట్టలేదు.

రాడ్ల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే వాటికి ఏ అంకే మనిషిని కాపాడదు. నీళ్లలో మునిగేది గీత దాకా ఉన్న కాయిల్ మాత్రమే, పైన వైరు కలిసే తల తడవకూడదు. ఇనుప బకెట్, అల్యూమినియం గిన్నె వద్దు. స్విచ్ ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గు పీకాకే నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడాలి. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర యాంపియర్లు లాగుతుంది, 6 యాంప్స్ చిన్న ప్లగ్గుకు అదే ఎక్కువ. రాడ్లకు, ట్యాంకు గీజర్లకు ఐఎస్ఐ తప్పనిసరి. గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది నిజమైనదో కాదో తెలుస్తుంది. మీరు టోకు సరుకు దించుకునేటప్పుడే ఒక్క పెట్టె నంబరు కొట్టి చూసుకుంటే పని అయిపోతుంది.

ఆన్‌లైన్ వారికి. మీ పేజీల్లో కుళాయికి తగిలించుకునే చిన్న ఇన్‌స్టెంట్ హీటర్లు బోలెడు. "వాటర్‌ప్రూఫ్, హై సేఫ్టీ" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఐపీ అంకె ఎక్కడా ఉండదు, ప్లేటు ఫొటో అసలుండదు. 3 కిలోవాట్లంటే 13 యాంపియర్లు, దానికి 16 యాంప్స్ పాయింటు, తగిన వైరు కావాలని ఎక్కడో అడుగున ఉంటుంది. అది చూడకుండా వాషింగ్ మెషిన్ ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టేవాళ్లను చూశాను, ఆ బాక్సు తడి నేల మీదే ఉంటుంది. రంగు, లీటర్లు, వారంటీ అడిగినట్టే ఐపీ అంకెనూ అమ్మకందారు తప్పనిసరిగా నింపాల్సిన గడిగా పెట్టండి. నింపనివాళ్ల సరుకును బాత్‌రూమ్ సామాన్ల కింద చూపించకండి. ప్లేటు ఫొటో, సీఎం/ఎల్ నంబరు కనబడేలా పెట్టండి. మీ యాప్‌లు తెలుగులో కూడా వస్తున్నాయి, మంచిదే. కానీ తెలుగు పేజీలో "నీటి నిరోధకం" అని రాసి ఊరుకుంటే ఇంగ్లీషు పేజీ చదివినవాడికి తెలిసినంత కూడా తెలియదు. "చిందే నీళ్లకు తట్టుకుంటుంది, ధారకు తట్టుకోదు" అని రాయండి. ఐదు మాటలు.

దుకాణాల వారిని అడిగేది ఇంత. ధర చీటీ మీద స్టార్ల పక్కనే ఐపీ అంకె, దాని అర్థం తెలుగులో ఒక్క వాక్యం వేయించండి. తెలంగాణలో అయితే ఉర్దూలోనూ వేస్తే పాతబస్తీ వాళ్లకు పనికొస్తుంది. అమ్మేముందు గీజర్ ఎక్కడ పెడతారు, షవర్ ఎంత దూరం, సాకెట్ ఎక్కడుంది, ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందా అని అడగండి. బాత్‌రూమ్ ఫొటో ఫోన్లో పంపమంటే ఎవరూ కాదనరు. గీజర్ పక్కనే షెల్ఫులో ఆర్‌సీసీబీలు, మూతున్న సాకెట్లు, గ్లాండ్లు పెట్టండి. మీకూ నాలుగు రూపాయలు మిగులుతాయి, అందులో తప్పేం లేదు. ఫిట్టింగ్ కుర్రాళ్ల సంచిలో రెండు మూడు సైజుల గ్లాండ్లు, మూత స్క్రూలు ఉండేలా చూడండి. బిగించాక కింది మూత ఫొటో తీసి కొన్నవాళ్లకు పంపితేనే ఫిట్టింగ్ డబ్బులు ఇస్తామనండి. రంధ్రం మూసి ఉందో లేదో ఆ ఒక్క ఫొటోలో తెలిసిపోతుంది.

మీ కుర్రాళ్లకు ఒక ఆదివారం కూర్చోబెట్టి ఇవన్నీ చూపించాలనుకుంటే, పాత గీజర్ ఒకటి, పెచ్చుకట్టిన ఎలిమెంట్లు నాలుగు నా దగ్గర ఉన్నాయి, తెస్తాను. ఫీజు వద్దు. సీజన్ మొదలవకముందు పెట్టుకుంటే మేలు, కార్తీకం వచ్చాక మీకూ తీరదు, నాకూ తీరదు.

ఇట్లు,
హైదరాబాద్‌లో గీజర్లు బిగించే ఒక ఎలక్ట్రీషియన్